త్రాసు ఎవరి చేతిలో ఉంది?

సోమరితనం, కొండేలు, మోసం గురించి బైబిలు సామెతలు: వాదాలు, ప్రతివాదాలు, తేలని ప్రశ్నలు

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దాకా ఏ ఊరి చర్చిలోనైనా ప్రసంగాల్లో తరచు దొర్లే మాటలు మూడున్నాయి: సోమరి, కొండెగాడు, దొంగత్రాసు. మూడూ తెలుగు బైబిలులోని ‘సామెతలు’ గ్రంథంలో ఉన్నవే. చీమను చూసి బుద్ధి తెచ్చుకోమనడంలో, చాడీలు మానమనడంలో, తూకంలో మోసం చేయవద్దనడంలో వాదించుకోవడానికి ఏముంటుందని ఎవరికైనా అనిపిస్తుంది.

పేచీ వచ్చేది ఆ మాట ఎవరు ఎవరిని అంటున్నారన్న దగ్గర. నాట్ల వేళ మనుషులు దొరకడం లేదని విసుక్కునే రైతు నోట ‘సోమరి’ మాటకు ఒక అర్థం. చేసిన పనికి కూలి డబ్బుల కోసం వారం రోజులు తిరిగిన మనిషి చెవికి అదే మాట ఇంకోలా వినిపిస్తుంది. ‘ఊళ్లో మాటలు మోయకండి’ అన్న హితవు కాపురాలను నిలబెట్టగలదు, అన్యాయం బయటపడకుండా మూతా వేయగలదు. బైబిలు పండితులు, సంఘ పెద్దలు, దళిత వేదాంతులు, సమాజ శాస్త్రజ్ఞులు ఈ మూడు దుర్గుణాల మీద పలు దిక్కుల నుంచి రాశారు. ఆ వాదాలను ఒకచోట పేర్చి, ఎక్కడ కలుస్తాయో ఎక్కడ విడిపోతాయో చూడడం ఈ సమీక్ష పని.

మాటలు పుట్టిన చోటు

సామెతల గ్రంథంలో 31 అధ్యాయాలున్నాయి. సొలొమోను పేరు మీద చలామణి అవుతున్నా అది ఒక్క చేతి రాత కాదని గ్రంథమే చెబుతుంది. 25వ అధ్యాయం మొదట్లో యూదా రాజు హిజ్కియా మనుషులు ఎత్తిరాసినవన్న మాట ఉంది. 30వ అధ్యాయం ఆగూరు పేరున, 31వది లెమూయేలు పేరున ఉన్నాయి. అంటే ఇది పలు సంపుటాల కూర్పు.

22వ అధ్యాయం 17వ వచనం నుంచి వచ్చే భాగానికి ఈజిప్టు గ్రంథం ‘అమెనెమోపె బోధ’తో దగ్గరి పోలికలున్నాయని 1924లో జర్మన్ పండితుడు అడాల్ఫ్ ఎర్మాన్ చూపాడు. గట్టు జరపవద్దు, పేదను దోచుకోవద్దు అన్న హెచ్చరికలు రెండింటిలోనూ ఉన్నాయి. ఈజిప్టు బోధ రాతకోతల ఉద్యోగంలో ఉన్న తండ్రి కొడుక్కి చెప్పినది. దాన్నిబట్టి కొందరు పండితులు సామెతలు కూడా కొలువుల్లో చేరబోయే యువకులకు పాఠాలని వాదించారు. క్లాస్ వెస్టర్‌మాన్ లాంటివారు వీటి వేళ్లు పల్లె జనం నోటిమాటల్లో ఉన్నాయన్నారు. ఇంటి మాటలు, కొలువు మాటలు కలిసి ఈ గ్రంథమైందన్నది ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునే మధ్యేమార్గం.

ఈ చర్చ పండితులకే పరిమితమైనది కాదు. ఉద్దేశించిన శ్రోత కొలువులో చేరబోయే కుర్రవాడైతే ‘సోమరి’ అన్న తిట్టు ఆస్తిపరుడి కొడుకును తాకుతుంది. పల్లెవాడైతే అది తోటి రైతు ఎత్తిపొడుపు అవుతుంది. ఎటు చూసినా, పొలం లేని కూలీని ఉద్దేశించి మొదలైన మాటగా దాన్ని నిలబెట్టడం కష్టం.

రెండో చిక్కు ఫలితం గురించినది. మంచి చేస్తే మంచి, చెడు చేస్తే చెడు అన్న లంకె సామెతల్లో బలంగా కనబడుతుంది. పనిలోనే దాని ఫలం ఇమిడి ఉంటుందని, దేవుడు విడిగా తీర్పు ఇవ్వనక్కరలేదని 1955లో క్లాస్ కోఖ్ ప్రతిపాదించాడు. కానీ అదే బైబిలులో ఉన్న యోబు, ప్రసంగి గ్రంథాలు ఈ లంకెను ఒప్పుకోవు. నీతిమంతుడు బూడిదలో కూర్చుంటాడు, వేగం గలవాడు పందెం గెలవడు. అందుచేత సామెతను చట్టంలా చదవకూడదని, సందర్భాన్ని బట్టి పనికొచ్చే అనుభవసారంగా చదవాలని గెర్హార్డ్ ఫాన్ రాడ్ మొదలు చాలామంది హెచ్చరించారు. ఈ హెచ్చరిక తెలుగువాళ్లకు కొత్త కాదు. ‘ఆలస్యం అమృతం విషం’ అన్న నోటితోనే ‘నిదానమే ప్రధానం’ అంటాం. రెండూ నిజమే, వేళను బట్టి.

నంద్యాల సీమకు వచ్చిన దారి

ఈ గ్రంథానికి తెలుగులో ‘సామెతలు’ అన్న పేరు నిలిచింది. హీబ్రూలో మాట ‘మాషాల్’. పోలిక, నీతివాక్యం, పొడుపు అన్న అర్థాలన్నీ అందులో ఉన్నాయి. తెలుగు పేరు దాన్ని ఇంటి పెరట్లోకి తెచ్చింది. వేమనను వల్లించే సీమలో, కెప్టెన్ కార్ 1868లో తెలుగు సామెతలను పుస్తకంగా అచ్చువేసిన కాలంలో, ఈ గ్రంథం పరాయిదిగా కాక పాత చుట్టంలా వినిపించి ఉండాలి.

ఈ ప్రాంతంలో ఆ మాటను మోసినది ప్రధానంగా ఎస్పీజీ (సొసైటీ ఫర్ ది ప్రాపగేషన్ ఆఫ్ ది గాస్పెల్) అనే ఆంగ్లికన్ మిషన్. 1840ల్లో కడపలో కాలుపెట్టి, 1850ల నుంచి ఇప్పటి చాగలమర్రి మండలంలోని ముత్యాలపాడు కేంద్రంగా పనిచేసింది. జాన్ క్లే అక్కడి తొలి మిషనరీల్లో ఒకరు. తర్వాత నంద్యాల ముఖ్య కేంద్రమైంది. ఎస్పీజీ హైస్కూలు, హోలీ క్రాస్ కెథెడ్రల్ ఆ చరిత్రకు నేటి గుర్తులు. సంఘంలో చేరినవారిలో అత్యధికులు మాల, మాదిగ కుటుంబాలవారు, పరుల పొలాల్లో రెక్కల కష్టం మీద బతికినవారు.

1876–78 కరువులో కర్నూలు జిల్లా మద్రాసు రాజధానిలో అతి ఘోరంగా దెబ్బతిన్న జిల్లాల్లో ఒకటి. నంద్యాల అప్పుడు ఆ జిల్లాలోదే. ఎక్కువ సాయం చేస్తే జనం సోమరులవుతారన్న భయం అప్పటి సర్కారు విధానంలోనే ఉంది. 1877 జనవరిలో భారత ప్రభుత్వ కరువు ప్రతినిధి సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనులు చేసే మగమనిషికి రోజుకు ఒక పౌను గింజలు, ఒక అణా చాలునని కూలి తగ్గించాడు. ఆ తిండితో మనిషి పని చేయలేడని మద్రాసు సానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ గట్టిగా ఎదిరించాడు. కొన్ని నెలలకే రేటు పెంచవలసి వచ్చింది. ‘సోమరితనం’ అన్న మాట గుణదోషం స్థాయి దాటి ప్రభుత్వ లెక్కల్లోకి ఎక్కితే ఏమవుతుందో ఈ సీమ అప్పుడే చూసింది.

సంఘాల లోపల మాత్రం అదే మాట వేరే పని చేసింది. 1912లో దోర్నకల్ బిషప్‌గా అభిషిక్తుడైన వేదనాయగం శామ్యూల్ అజరయ్య ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్. పేద సంఘాలు కూడా తమ కానుకలతో తామే నిలబడాలని ఆయన పట్టుబట్టారు. కష్టపడడం, నోరు అదుపులో పెట్టుకోవడం, మాట మీద నిలబడడం అక్కడ పైవాడి గద్దింపుగా మిగలలేదు. ఊరు తక్కువగా చూసిన మనిషి తన గౌరవాన్ని తాను నిలబెట్టుకునే దారి అయింది. ఈ రెండు చరిత్రలనూ పక్కపక్కన పెట్టకపోతే నేటి వాదం అర్థం కాదు.

సోమరితనం: గుణమా, పరిస్థితా?

మొదటి పక్షం దీన్ని గుణదోషంగా చూస్తుంది. ఆధారాలకు కొదవ లేదు. చీమ (6:6–11), దున్నే కాలంలో దున్నక కోతకాలంలో అడుక్కునేవాడు (20:4), వీధిలో సింహం ఉందని గడప దాటనివాడు (22:13), తలుపు బందు మీద తిరిగినట్టు మంచం మీద దొర్లేవాడు (26:14). థెస్సలొనీకయులకు రాసిన రెండో పత్రికలో పని చేయ నొల్లనివాడికి తిండి కూడదన్న పౌలు మాటను కూడా ఈ పక్షం ముందుకు తెస్తుంది. కష్టాన్ని దైవసేవగా భావించిన ప్రొటెస్టెంటు మనస్తత్వానికీ పెట్టుబడి ఎదుగుదలకూ సంబంధం ఉందని 1904–05లో మాక్స్ వెబర్ రాసినప్పటి నుంచి ఈ చదువుకు లౌకిక గౌరవం కూడా వచ్చింది.

రెండో పక్షం అదే గ్రంథం తెరిచి వేరే వచనాలు చూపుతుంది. పేదల చేను బాగా పండుతుంది, అన్యాయం దాన్ని ఊడ్చుకుపోతుంది అన్న భావం 13:23లో ఉంది. పేదరికానికి సోమరితనం ఒక్కటే కారణం కాదని సామెతలే ఒప్పుకున్నట్టయింది. 24:30–34లో కనిపించే సోమరికి పొలం ఉంది, ద్రాక్షతోట ఉంది, వాటికి రాతిగోడ ఉంది. 19:24లోని సోమరి ముందు నిండు పాత్ర ఉంది, చెయ్యి నోటిదాకా ఎత్తడమే బరువు. ఇవేవీ రెక్కాడితే గాని డొక్కాడనివాడి లక్షణాలు కావు. 1980ల్లో అరవింద్ నిర్మల్ మొదలైనవారు రూపుదిద్దిన దళిత వేదాంతం బైబిలును చదివేవాడి సామాజిక స్థానం నుంచే మొదలుపెట్టమంటుంది. ఆ అద్దంలో చూస్తే ‘సోమరి’ని వాడలో కాక వరండాలో వెతకవలసి వస్తుంది.

మూడో పక్షం మధ్యన నిలుస్తుంది. సామెతలు అందరికీ వర్తిస్తాయి గానీ అందరికీ ఒకే బరువుతో కాదంటుంది. విశ్రాంతికీ సోమరితనానికీ తేడా చూపుతుంది. ఏడో రోజు దాసుడూ దాసీ కూడా యజమానిలాగే విశ్రమించాలని ద్వితీయోపదేశకాండం 5:14 ఆజ్ఞాపిస్తుంది. పౌలు మందలించినది పని దొరకనివాళ్లను కాదని, పని మాని క్రమం తప్పి తిరిగేవాళ్లనని, పైగా తన చేతులతో తాను పని చేసుకున్నాకే ఆ మాట అన్నాడని గుర్తుచేస్తుంది.

ఈ మూడు వాదాలూ 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైన తర్వాత కొత్త గొంతుతో వినిపించాయి. కూలీలు సోమరులైపోయారన్నది ఒక ఫిర్యాదు. వేరే పని దొరికే దారి ఉండబట్టే పొలంలో న్యాయమైన కూలి అడగగలిగారన్నది దానికి జవాబు. పెట్టుబడి పెరిగి, ధర రాక నలిగే చిన్న రైతు ఇబ్బందీ నిజమే. కానీ అతని బాధకు ‘సోమరితనం’ అన్న పేరు పెడితే అసలు లెక్క, అంటే పెట్టుబడి, ధర, కూలి ముడిపడిన తీరు, మరుగునపడుతుంది.

కొండెగాడు: నోరు మూయడమా, నిజం చెప్పడమా?

11:13లో కొండెగాడికి వాడిన హీబ్రూ మాట ‘రాకీల్’. ఊరూరా తిరిగి సరుకు అమ్మేవాడన్న అర్థం గల మాటకు అది చుట్టం. ఒక గడపలో కొన్నది ఇంకో గడపలో అమ్మే మనిషి. 16:28, 18:8, 26:20లో వచ్చే మాట ‘నిర్గాన్’, గుసగుసలాడేవాడు. అతని మాటలు నోరూరించే ముద్దల్లా కడుపులోకి దిగుతాయని గ్రంథం అంటుంది. చెప్పేవాడితో పాటు వినేవాడి రుచినీ అది పట్టుకుంది.

26:20 పోలిక తెలుగువాళ్లకు చెవిలో చెప్పినట్టుంటుంది. కట్టెలు లేకపోతే మంట ఆరుతుంది, కొండెగాడు లేకపోతే తగవు చల్లారుతుంది. మనం ‘పుల్లలు పెట్టడం’ అంటాం. అయితే ‘నిప్పు లేనిదే పొగ రాదు’ అన్న మన సామెత దీనికి ఎదురు నిలుస్తుంది. పొగ కనపడగానే నిప్పు ఉందని అది తీర్పు చెప్పేస్తుంది. బైబిలు సామెత మాత్రం ఆ పొయ్యిలో కట్టెలు ఎగదోస్తున్నది ఎవరని అడుగుతుంది. మాట పట్టింపులు కక్షలుగా ముదిరి తరాల పాటు మండిన అనుభవం ఉన్న సీమకు రెండో ప్రశ్న ఎక్కువ అవసరం.

ఇక్కడా మూడు ధోరణులున్నాయి. గుట్టు కాపాడడమే ధర్మమన్నది మొదటిది (11:13, 17:9). రెండోది మాట్లాడడం కూడా ధర్మమంటుంది. లేవీయకాండం 19:16 ఒకే వచనంలో రెండు ఆజ్ఞలు ఇస్తుంది: కొండెములాడుతూ తిరగవద్దు, పొరుగువాడి ప్రాణం మీదికి వస్తుంటే చూస్తూ ఊరుకోవద్దు. తర్వాతి వచనం తప్పు చేసినవాణ్ణి ముఖం మీదే మందలించమంటుంది. నోరు లేనివాడి కోసం నోరు తెరవమని సామెతలు 31:8–9 చెబుతుంది. చాడీకీ సాక్ష్యానికీ తేడా ఇక్కడ తేలుతుంది. చాడీ వీపు వెనక నడుస్తుంది, సాక్ష్యం ఎదుట నిలబడుతుంది.

మూడోది సమాజ శాస్త్రజ్ఞులది. ఊసులు గుంపును కలిపి ఉంచుతాయని 1963లో మాక్స్ గ్లక్‌మన్, మనిషి భాషకు మూలమే ఊసులని 1996లో రాబిన్ డన్‌బార్ రాశారు. బలవంతుణ్ణి ఎదిరించలేని రైతుకూలీలకు వెనక మాటలు కూడా ఒక ఆయుధమని 1985లో జేమ్స్ స్కాట్ మలేసియా పల్లెను చూసి చెప్పాడు. దీన్నిబట్టి ప్రతి గుసగుసా పాపం కాదనవచ్చు. దాని వల్ల పరువు పోయిన నిరపరాధికి ఈ సిద్ధాంతం ఏ ఓదార్పూ ఇవ్వదన్నది ఎదురు వాదం.

యూదుల సంప్రదాయంలో ఈ చిక్కుకు ఒక పద్ధతి ఉంది. 1873లో రబ్బీ ఇస్రాయేల్ మేయిర్ కగన్ ‘హాఫెట్స్ హయీం’ అన్న గ్రంథంలో చెడు మాటల నియమాలను క్రమపరిచాడు. నిజమైనా సరే, హాని చేసే మాట చెప్పకూడదు. కానీ వ్యాపార భాగస్వామి గురించో పెళ్లి సంబంధం గురించో ఒకరిని నష్టం నుంచి కాపాడాలంటే, స్వయంగా తెలిసినది, పెంచకుండా, పగ లేకుండా చెప్పవచ్చు. సంబంధం కుదుర్చుకునే ముందు వాకబు చేసే మన ఇళ్లకు ఇది పనికొచ్చే గీటురాయి.

ఒక అపోహను కూడా సరిదిద్దుకోవాలి. 1 తిమోతి 5:13 ఇల్లిల్లూ తిరిగే యౌవన విధవలను మందలిస్తుంది కనుక కొండేలు ఆడవాళ్ల జబ్బన్నట్టు ప్రసంగాల్లో వినబడుతుంటుంది. సామెతల్లో కొండెగాడికి వాడిన హీబ్రూ మాటలు పుంలింగాలు. రచ్చబండకూ వాట్సాప్ గ్రూపుకూ ఈ విషయంలో మినహాయింపు ఏమీ లేదు.

దొంగత్రాసు: రాయి రాయికీ తేడా

హీబ్రూలో తూకపు గుండును ‘రాయి’ అనే అంటారు. తెలుగులో ‘తూకపు రాళ్లు’ అన్నట్టే. 20:10లో ఖండించినది రాయి రాయికీ తేడా ఉండడాన్ని: కొనేటప్పుడు ఒక బరువు, అమ్మేటప్పుడు ఇంకో బరువు. శిల్పులు రాతికి రూపమిచ్చే ఆళ్లగడ్డ ప్రాంతంలో ఈ పోలికకు వివరణ అక్కరలేదు. 22:28, 23:10 ఇంకో రాయిని ప్రస్తావిస్తాయి, గట్టు రాయిని. అనాథ పొలంలోకి జరిగే గట్టు కూడా దొంగ తూకమే.

గ్రంథం కొనేవాణ్ణీ వదలదు. 20:14లో సరుకు బాగాలేదని పెదవి విరిచి, కొనుక్కుపోయాక బేరం భలే కుదిరిందని మురిసేవాణ్ణి చూస్తాం. వడ్లో పత్తో కొనే చోట తేమ, తాలు, మట్టి పేరిట తీసే ‘తరుగు’ మీద రైతులు పడే బాధకు ఇది చాలా దగ్గర. తేమ ఉంటే తరుగు తీయడం న్యాయమే. ఎంత తీయాలో ఒక్క పక్షమే నిర్ణయిస్తే రాయి రెండైనట్టే. తూనికలు కొలతల చట్టం 2009లో కొత్త రూపం దాల్చింది, ఎలక్ట్రానిక్ కాటాలు వచ్చాయి. కాటా అబద్ధం చెప్పకపోయినా కాటా మీద వేసే లెక్క చెప్పగలదు.

అబద్ధం ఎప్పుడైనా చెల్లుతుందా అన్నది పాత వివాదం. ఎప్పుడూ కూడదని అగస్టీన్, ఆ తర్వాత 1797లో ఇమాన్యుయేల్ కాంట్ పట్టుబట్టారు. పసిపిల్లలను కాపాడడానికి ఫరోకు అబద్ధమాడిన హీబ్రూ మంత్రసానులను, వేగులవాళ్లను దాచిన రాహాబును ఎదుటి పక్షం చూపుతుంది. మన పోతన భాగవతంలో శుక్రాచార్యుడు బలికి ఆపద్ధర్మంగా అబద్ధాలకు సందర్భాలు లెక్కచెప్పడం, బలి వాటిని కాదని మాట నిలుపుకోవడం తెలిసిన కథే. ఈ కథల మధ్య ఒక తేడా ఉంది. మంత్రసానులు, రాహాబు బలహీనుల ప్రాణం కోసం అబద్ధమాడారు. బలికి వచ్చిన సలహా తన రాజ్యం కాపాడుకోవడానికి. సంత అబద్ధం రెండో జాతిది.

కూలి ఎగవేత కూడా ఈ లెక్కలోదేనని లేవీయకాండం 19:13 చెబుతుంది: కూలివాడి సొమ్ము తెల్లవారేదాకా నీ దగ్గర ఉండకూడదు. యాకోబు పత్రిక 5:4లో ఆపిన కూలి తానే మొరపెడుతుంది. ఇటు తిప్పి చూస్తే, కూలి తీసుకుని పని ఎగ్గొట్టడమూ అదే త్రాసులోకి వస్తుంది.

మూడూ పక్కపక్కన

- సోమరితనం: పరుల కష్టం తినడం. సంప్రదాయ పక్షం దీన్ని గుణదోషమంటుంది, విమర్శకుల పక్షం ముందు పని, నేల, కూలి లెక్క చూడమంటుంది. గ్రంథంలో రెండింటికీ చోటుంది.
- కొండెం: పరుల పరువు తినడం. ఒక పక్షం మౌనం కోరుతుంది, ఒక పక్షం సాక్ష్యం కోరుతుంది. విభజన రేఖ: ఎదుట చెప్పగలమా లేదా.
- మోసం: పరుల వాటా తినడం. ఇందులో గ్రంథానికి సందిగ్ధం అతి తక్కువ, ఆచరణలో సాకులు అతి ఎక్కువ.

ఈ మూడూ విడివిడి కావని ఎఫెసీయులకు రాసిన పత్రిక 4వ అధ్యాయం చూపుతుంది. అబద్ధం మానండి, దొంగిలేవాడు కష్టపడి అక్కరలో ఉన్నవాడికి పంచాలి, నోట దుర్భాష రానీయవద్దు అని ఒకే పేరాలో వస్తాయి. అక్కడ కష్టానికి గురి కూడబెట్టడం కాదు, పంచడం.

తేలనివి

మొదటిది: బలవంతులను ఉద్దేశించిన మాటను బలహీనుడు తన ఆత్మగౌరవం కోసం తీసుకున్నప్పుడు దాని అర్థం మారుతుందా? అజరయ్య కాలపు సంఘాలు మారుతుందన్నాయి. దళిత వేదాంతులు కొందరు ఆ మార్పులో యజమాని భాష దాగి ఉండే ప్రమాదాన్ని చూపారు.

రెండోది: సాక్ష్యం అవసరమని ఎవరు తేల్చాలి? పెద్దమనుషులకు వదిలితే మాట అక్కడే ఆగవచ్చు. ఫోనుకు వదిలితే గంటలో ఊరంతా తగలబడవచ్చు.

మూడోది: ఒక్క మనిషిది కాని మోసానికి బాధ్యులెవరు? మహానంది కోనేటి నీరు గుడి దాటి దిగువ పొలాలకు పారుతుంది. కానీ కర్నూలు–కడప (కేసీ) కాలువ నీరు ఎగువన అందినట్టు చివరి ఆయకట్టుకు అందదు. ఎగువన ఎవరూ తాము దొంగిలించామనుకోరు, కొసన మాత్రం తూకం తగ్గుతుంది. సామెతల్లో గట్టు రాయికి నియమం ఉంది, పారే నీటికి లేదు. దాన్ని ఈ నేల మీదే కట్టుకోవాలి.

చీమను మెచ్చుకునే చోట గ్రంథం ఒక ముక్క చేర్చింది: దానికి పైవాడు లేడు, మేస్త్రి లేడు, ఏలిక లేడు (6:7). అంటే ఆ పాఠం కూలీ వెనక నిలబడి చెప్పడానికి పనికిరాదు. గట్టున నిలబడ్డవాడు, కాటా పక్కన కూర్చున్నవాడు, మైకు పట్టుకున్నవాడు తనను తాను ముందుగా తూచుకోవడానికే పనికొస్తుంది. ఆ వరస తప్పనంత కాలం ఈ మూడు మాటలూ సామెతలుగా మిగులుతాయి. తప్పితే అవీ దొంగ రాళ్లే.